నూనె మిల్లు మేస్త్రి బాబాయి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున హిజ్లీలో నేను పనిచేసే హాస్టల్ మెస్ ఆఫీసులో కూర్చుని మర్నాటికి కావలసిన కూరగాయల చీటీ రాస్తున్నాను. ఫోన్‌లో మెసేజ్ వచ్చిన చప్పుడైంది. "మిల్లు లైన్" అనే గ్రూపులోంచి వచ్చింది. అలాంటి గ్రూపు ఒకటుందన్న సంగతే మరిచిపోయాను. ఏడాదికి పైగా అందులో ఎవరూ ఏమీ రాయలేదు. ఇప్పుడు ఒక్క వాక్యం ఉంది. "మేస్త్రి బాబాయి పోనాడు, పొద్దున్న అయిదింటికి."

కింద ఎవరూ ఏమీ రాయలేదు. మామూలుగా ఎవరు పోయినా మా వాళ్ళు దండాల బొమ్మలు, పూల బొమ్మలు గుప్పించేస్తారు. దూరపు చుట్టం పోయినా సరే, ఆత్మకు శాంతి కలగాలని నాలుగు మాటలు రాసి పెడతారు. ఆ పొద్దున మాత్రం పదకొండు ఇళ్ళవాళ్ళూ ఆ మాట చదివారు, చదివినట్టు తెలుస్తూనే ఉంది, ఒక్కరి చెయ్యీ కదల్లేదు. నేను "అయ్యో" అని కొట్టాను. చెరిపేశాను. మళ్ళీ చీటీ ముందుకు లాక్కున్నాను గానీ బంగాళాదుంపల దగ్గర ఎంత రాయాలో తోచలేదు.

ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాస్తే ఏమనుకుంటారోనని భయం కూడా ఉంది. మంచివాడని రాస్తే మా లైన్ వాళ్ళకు కోపం వస్తుంది. చెడ్డవాడని రాస్తే అది నాకే అబద్ధం అవుతుంది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను.

బెంగాలీవాళ్ళ మధ్య ఉన్న మా రైల్వే ఊళ్ళో, ఖరిదా బజారు దాటి, రైలు గేటుకు ఇవతల ఒక ఆవనూనె మిల్లు ఉండేది. ముందు పెద్ద షెడ్డు, వెనక పనివాళ్ళ కోసం కట్టిన పదకొండు గదుల వరస. ఆ వరసనే మేము మిల్లు లైన్ అనేవాళ్ళం. ఓనర్లు కలకత్తాలో ఉండేవారు. ఇక్కడ అన్నీ చూసుకునేది మిషన్ మేస్త్రి. ఊరంతటికీ ఆయన మేస్త్రి దాదా, మా తెలుగువాళ్ళకు మేస్త్రి బాబాయి. శ్రీకాకుళం వైపు నుంచి చిన్నప్పుడే రైల్వేలో పని దొరుకుతుందని వచ్చాడట. అది దొరక్క మిల్లులో చేరాడు. "రైల్లో ఎక్కుదామని వచ్చి నూనెలో పడ్డాను" అని నవ్వేవాడు.

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యే నాటికి నేను ఎనిమిదో తరగతి. లేకలేక పుట్టినదాన్ని. రిటైరైతే రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. చేతికొచ్చిన డబ్బంతా మా నానమ్మ వైద్యానికే అయిపోయింది. నాన్న రోజూ సైకిలు మీద అద్దె గదుల కోసం తిరిగేవాడు, సాయంత్రం వచ్చి కాళ్ళు కడుక్కునేవాడు. ఒక ఆదివారం మేము చర్చి నుంచి వస్తుంటే దారిలో మేస్త్రి బాబాయి ఎదురయ్యాడు. నాన్నకు ముఖ పరిచయమే తప్ప పెద్ద స్నేహం లేదు.

"గది దొరకలేదని విన్నాను. లైన్లో సివరి గది ఖాళీగా ఉన్నాది. వచ్చీండి" అన్నాడు.

"మరి ఓనరుని అడగాలి కదా?" అన్నాడు నాన్న.

"నాను ఉన్నాను కదా."

ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పంపు పాడైనా, కరెంటు పోయినా, ఎవరింట్లో పురుడొచ్చినా "నాను ఉన్నాను కదా" అనేవాడు, ఉండేవాడు.

మా సామానంతా లైన్లోనే ఉండే ఠేలా మావయ్య తన తోపుడుబండి మీద రెండు విడతల్లో తెచ్చాడు. గదికి అప్పటికే సున్నం వేసి ఉంది. అమ్మ కుట్టుమిషన్ దింపుతుంటే బాబాయి దాన్నీ, గదినీ మార్చి మార్చి చూశాడు. గదికి తలుపు తప్ప కిటికీ లేదు.

"అక్కా, దీపం పెట్టుకుని కుడితే కళ్ళు పోతాయి" అన్నాడు.

రెండు రోజుల తరవాత సుత్తీ ఉలీ తెచ్చుకుని వెనక గోడ పగలగొట్టాడు. మిల్లు షెడ్డులో పాత కిటికీ రెక్కలు ఏవో ఉంటే తెచ్చి బిగించాడు. ఆ వెలుగులోనే అమ్మ పద్దెనిమిదేళ్ళు జాకెట్లు కుట్టింది.

ఆయనకు ఎడమ చెవి వినపడదు. గానుగల మోత మధ్య బతికినందుకు అది పోయింది. అందుకే ఎవరు మాట్లాడినా ఒళ్ళంతా కుడివైపుకు తిప్పి వినేవాడు. ఆ ఒక్క చెవితోనే ఏ గానుగ ఎలా తిరుగుతోందో దూరం నుంచే చెప్పేవాడు. బడి నుంచి వచ్చేటప్పుడు నేను షెడ్డు గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. బెల్టులు తిరుగుతుండేవి, ఆవాల ఘాటుకు కళ్ళు మండేవి. "శబ్దం మారినాదంటే ఆపీసి సూడాలి. సూడకుండా నడిపితే మొత్తం పోద్ది" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేవాడు.

నేను తొమ్మిదిలో ఉండగా మిల్లు మూసేశారు. పనివాళ్ళలో సగం మంది వేరే పనులు వెతుక్కున్నారు, గదులు మాత్రం వదల్లేదు. బాబాయిని కాపలాకు ఉంచారు. నూనె చుక్క తీయని గానుగలకు ఆయన ఏడాది పాటు రోజూ గ్రీజు రాశాడు. ఎందుకు బాబాయ్ అంటే, "వద్దని ఎవులూ సెప్పలేదు కదమ్మా" అన్నాడు. తరవాత పాత ఇనుము వాళ్ళు లారీలు తెచ్చి వాటిని విప్పుకుపోయారు. ఆ రోజు ఆయన అన్నం తినలేదని పిన్ని మా అమ్మతో చెప్పింది. పిన్ని అంటే ఆయన భార్య. వాళ్ళకు పిల్లలు లేరు.

ఖాళీ షెడ్డులోకి సస్తా బజారు వచ్చింది. బకెట్లు, దుప్పట్లు, బడి సంచులు, చిన్న చిన్న లోపాలున్న చొక్కాలు, చీరలు అన్నీ బయటికంటే తక్కువ ధరకు అమ్మే దుకాణం. సాలువా క్యాంపు నుంచి పోలీసుల ఇళ్ళ ఆడవాళ్ళు వచ్చేవారు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చేవారు. కాలేజీ తెరిచే రోజుల్లో హిజ్లీ నుంచి కుర్రవాళ్ళు బకెట్లకీ పరుపులకీ ఎగబడేవారు. దుకాణం వాళ్ళు బాబాయినే గేటు దగ్గర పెట్టుకున్నారు. అప్పటికి నేను పన్నెండు పూర్తిచేశాను, ఆ వేసవిలోనే నాన్న పోయాడు. నాన్నను మట్టి చేసి వచ్చిన మూడో వారం బాబాయి మా గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎస్తేరమ్మా, సోమారం నుంచి చీరల కౌంటర్లో నిలబడు. మేనేజరుతో మాట్లాడీసినాను."

"నాకు హిందీ సరిగా రాదు బాబాయ్, బెంగాలీ అంతంతే."

"చీరకి భాషేటి? మడత ఇప్పి సూపించు. మాటలు అవే వస్తాయి."

వచ్చాయి. ఆ కౌంటర్ దగ్గరే నేను నాలుగు భాషలు నేర్చుకున్నాను, సాయంత్రపు కాలేజీలో డిగ్రీ చదివాను. ఇవాళ నాకున్న ఉద్యోగం ఆ మాటలతో, ఆ చదువుతో వచ్చిందే.

వానాకాలంలో షెడ్డు గోడలు చెమ్మెక్కితే పాత ఆవనూనె వాసన పైకి లేచేది. చీరలకు కూడా పట్టేది. ఒకసారి ఒక బెంగాలీ ఆవిడ చీర ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించింది. గేటు దగ్గర నుంచి బాబాయి, "ఖాఁటీ షొర్షేర్ గంధో, దీదీ. ఆలాదా పొయ్‌షా లాగ్‌బే నా" అన్నాడు. అసలైన ఆవాల వాసన, దీనికి వేరే డబ్బు అక్కర్లేదని. ఆవిడ నవ్వి రెండు చీరలు తీసుకుంది.

గుమ్మం పక్కన ఆయన ఒక కుర్చీ వేసి ఉంచేవాడు, పెద్దవాళ్ళ కోసం. కొనకుండా ఊరికే చూసి పోయేవాళ్ళను మేనేజరు విసుక్కుంటే నాతో మెల్లగా, "కొననోళ్ళని కూడా సూడనియ్యమ్మా. ఇంటికెల్లి సెప్పుకుంటారు, పలానా చీర పట్టుకుని సూసినానని" అనేవాడు. ఇది నేను ఎక్కడ పనిచేసినా మరిచిపోలేదు. మెస్ దగ్గర భోజనం బాగోలేదని తిట్టడానికి వచ్చే కుర్రవాళ్ళను కూడా ముందు కూర్చోబెడతాను.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, తరవాత ఏం జరిగిందో విన్నాక ఆయన్ని మొదటి నుంచీ మోసగాడే అనుకోవడం చాలా సులువు. మా లైన్లో కొందరు అలాగే అంటున్నారు. అలా అనుకోగలిగితే నాకూ కాస్త హాయిగా ఉండేది.

ఊళ్ళో పెద్ద పెద్ద షాపులు వచ్చాయి, ఇంటికే వస్తువులు తెచ్చిచ్చేవాళ్ళు వచ్చారు. సస్తా బజారు పలచబడిపోయి ఒక రోజు మూతపడింది. నాకు అప్పటికే హిజ్లీలో పని దొరికింది గనక ఇబ్బంది లేకపోయింది. మరి కొన్నాళ్ళకు కలకత్తా ఓనర్ల మనవలు ఆ స్థలం మొత్తాన్ని ఒక ప్రొమోటర్‌కు అప్పగించారు. పాతవి కూల్చి ఫ్లాట్లు కట్టేవాళ్ళను ఇక్కడ అలాగే అంటారు. కింద దుకాణాలు, పైన అయిదు అంతస్తుల ఇళ్ళు వస్తాయని గేటు మీద రంగుల బొమ్మ కట్టారు. ఆ బొమ్మలో చెట్లున్నాయి, కార్లున్నాయి, గొడుగు పట్టుకున్న ఒక తెల్లటి అమ్మాయి ఉంది. మా లైన్ ఉండే చోట పచ్చగడ్డి ఉంది.

అందరం ఖాళీ షెడ్డులో, సస్తా బజారు వదిలేసి పోయిన చెక్క అరల మీద కూర్చున్నాం. ఏం చెయ్యాలి? కోర్టా, మున్సిపాలిటీయా, పార్టీ ఆఫీసా? ఎవరి నోరు వాళ్ళు చేసుకున్నాక ఠేలా మావయ్య లేచి, "ఇన్ని మాటలేల? మేస్త్రి బాబుని పంపుదాం. ఓనర్లకి తెలిసినోడు, మనోడు" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

బాబాయి తల దించుకునే, "నాను ఉన్నాను కదా" అన్నాడు.

పదకొండు ఇళ్ళకూ వెనక వైపు చిన్న బ్లాకు కట్టి తలో గదీ ఇవ్వాలన్నది మేము అడిగింది. అర్జీ ఇంగ్లీషులో నేనే రాశాను. అందరి ఓటరు కార్డులు, రేషన్ కార్డులు, కరెంటు బిల్లుల నకళ్ళన్నీ ఒక పాత చీరల సంచిలో పెట్టుకుని ఆయన ప్రొమోటర్ ఆఫీసు చుట్టూ తిరిగాడు. చెప్పులు అరిగిపోతే ఠేలా మావయ్య కొత్తవి కొనిచ్చాడు.

ఒక మధ్యాహ్నం వచ్చి మా గది నేల మీద కూర్చున్నాడు. "అక్కా, నీ సుద్ద ఇటియ్యి" అన్నాడు. అమ్మ బట్ట మీద గీతలు పెట్టుకునే సుద్దముక్క ఇచ్చింది. నేల మీద పొడుగ్గా పదకొండు గళ్ళు గీశాడు.

"ఇదీ మన బ్లాకు. ఒప్పుకున్నారు. ఇదిగో, ఇది నీ గది. తలుపు ఇటు. కిటికీ తూరుపుకి. మిషన్ ఇక్కడేసుకో, వెలుగు బాగుంటాది."

అమ్మ ఆ గడి పక్కన కూర్చుని, "మరి పొయ్యి ఎక్కడ పెట్టుకుంటాను?" అంది.

"ఈ మూల."

"ఆ మూలైతే పొగ లోపలికే వచ్చీస్తాది. ఇటు జరుపు."

ఆయన చెరిపి మళ్ళీ గీశాడు. అమ్మ నవ్వింది. నాన్న పోయాక అమ్మ నోరారా నవ్వడం నేను చూసింది బహుశా అదే. ఆ సాయంత్రం లైన్లో అందరూ వచ్చి ఆ గళ్ళు చూసిపోయారు, ఎవరిది ఏదని అడిగి వేలు పెట్టి చూపించుకున్నారు. రెండు రోజులు అమ్మ అక్కడ ఊడ్చలేదు.

తరవాత నెలలో కాగితాలు వచ్చాయి. కట్టుబడి జరిగినన్నాళ్ళూ బయట అద్దెకు ఉండడానికి ఒప్పుకుంటున్నట్టు, పూర్తయ్యాక తిరిగి వచ్చేట్టు అని బాబాయి చెప్పాడు. నేను ఆఫీసు నుంచి అలిసిపోయి వచ్చాను. ఆయన అందరి దగ్గరా సంతకాలు పెట్టించుకుని చివరగా మా గదికి వచ్చాడు. కాగితం ఇంగ్లీషులో దగ్గరగా అచ్చేసి ఉంది, నాలుగు పేజీలు.

"చదివి రేపిస్తాను బాబాయ్."

"రేపు పొద్దున్నే ఇచ్చీయాలమ్మా. నాను వకీలు చేత సదివించినాను."

ఆ రోజు ఆయన నాకు కుడిపక్కన మంచం మీద కూర్చున్నాడు. అంటే వినపడని చెవి నా వైపు. ఎప్పుడూ అలా కూర్చోడు. అది నాకు తరవాత తట్టింది. అప్పుడు తట్టి ఉంటే ఆగేదాన్నేమో. లైన్ మొత్తంలో ఇంగ్లీషు చదవగలిగినదాన్ని నేనొక్కదాన్ని. చదవకుండా సంతకం పెట్టాను, అమ్మ చేత వేలిముద్ర వేయించాను. మిగిలిన తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఆయన్ని నమ్మి పెట్టారు. ఎస్తేరు కూడా పెట్టిందంటే పరవాలేదనుకుని ఊరుకున్నారు.

అందరం చెదిరిపోయాం. మేము ఖరిదాలోనే ఒక మేడ మీద గదికి మారాం. ఠేలా మావయ్య సాలువా అవతలి పల్లెకు వెళ్ళాడు. అక్కడి నుంచి బజారుకు రోజూ బండి తోసుకు రాలేక బండి అమ్మేసి, మండీలో ఇంకొకరి బస్తాలు మోస్తున్నాడు. పెద్ద యంత్రంతో మిల్లు కూల్చిన రోజు మేమంతా వెళ్ళి చూశాం. లైన్ పడిపోవడానికి ఒక గంట కూడా పట్టలేదు.

సంగతి బయటపెట్టింది అమ్మే. అమ్మ అప్పటికి గోల్‌బజారులో ఒక కర్టెన్ల షాపుకు కుట్టిపెడుతోంది. ఇళ్ళకు వెళ్ళి కిటికీలు కొలుచుకు రావడం కూడా ఆమె పనే. కొత్త బిల్డింగు పూర్తయ్యాక, మొదటి అంతస్తులో ఒక ఫ్లాటుకు కొలతలు తెమ్మని షాపువాళ్ళు పంపారు. అమ్మ బెల్లు కొట్టింది. తలుపు తీసింది పిన్ని.

అమ్మ నాకు మూడు రోజుల దాకా చెప్పలేదు. మిషన్ ముందు కూర్చుని లేత ఆకుపచ్చ బట్ట కుడుతూ నాలుగో రోజు చెప్పింది.

"నన్ను సూడగానే గోడ పట్టుకుని ఏడ్చినాది. పక్షవాతం వచ్చినాక నడవలేకపోతన్నాది కదా. లోపలికి రా అక్కా అన్నాది. ఎల్లినాను."

"వెళ్ళి?"

"కొలుచుకున్నాను. మూడు కిటికీలు, ఒక బాల్కనీ."

"అమ్మా, వాళ్ళకి కర్టెన్లు కుడుతున్నావా నువ్వు?"

"షాపోడు బట్ట ఇచ్చీసినాడు. కుట్టకపోతే ఎలగ?" అంది. దారం తెంపి, "మన బ్లాకు లేదే అక్కడ. వెనకాల బళ్ళు పెట్టుకోడానికి సిమెంటు పోసినారు" అంది.

నా దగ్గరున్న నకలు తీసి అప్పుడు చదివాను. మేమంతా ఓనర్ల దయ వల్ల తాత్కాలికంగా ఉన్నవాళ్ళమట. మా ఇష్టంతోనే ఖాళీ చేస్తున్నామట. ఇకమీదట ఆ స్థలం మీద ఏ హక్కూ అడగమట. నాలుగు పేజీల్లో తిరిగి రావడం గురించి ఒక్క ముక్క లేదు.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి వెళ్ళాను. ఆయన బిల్డింగు కింద పంపు గదిలో ఉన్నాడు. చేతులకు గ్రీజు. నన్ను చూడగానే గుడ్డతో తుడుచుకున్నాడు, కుడి చెవి నావైపు తిప్పి నిలబడ్డాడు. అంతా విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా కాదనలేదు.

"ఎందుకు బాబాయ్?" అన్నాను చివరికి.

"బయమేసినాదమ్మా."

ఆయనే చెప్పాడు.

"పదకొండు గదులూ అడిగినాను. నిజంగానే అడిగినాను. ఇవ్వం అన్నారు. నువ్వు జీతగాడివి, ముందు నీ గదే కాలీ సేయిస్తాం అన్నారు. అందరి సంతకాలూ తెస్తే నీ ఒక్కడికీ ఇస్తామన్నారు. పిన్ని కాళ్ళు పడిపోనాయి. దాన్ని ఏ రోడ్డు మీద కూకోబెట్టను? వచ్చే ఆ ఒక్కటీ ఒగ్గుకోలేకపోనాను."

"ఆ మాట మాకు చెప్పి ఉండచ్చు కదా."

"సెప్తే మీరు సంతకాలు సేస్తారేటి?"

ఆయన ఎదురుతిరిగి అన్న మాట కాదది. నిజంగానే అడిగాడు, ఇంకో దారి ఉండిందా అన్నట్టు. నాకు ఒకటే అడగాలనిపించింది.

"మా అమ్మ ముందు నేల మీద గదులు గీశావే, అప్పటికి తెలుసా నీకు?"

ఆయన గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"తెలుసమ్మా" అన్నాడు.

అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనుకుంటాను. ఇంకా ఆశ ఉందమ్మా అప్పటికి అని ఒక్క మాట అని ఉంటే, నేను నమ్మేదాన్ని. నమ్మడం నాకు అలవాటైపోయిన మనిషి ఆయన.

ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడలేదు. మా లైన్ వాళ్ళెవరూ మాట్లాడలేదు. ఠేలా మావయ్య ఆ పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు. వకీలు దగ్గరికి వెళ్ళాం. కాగితాలు చూసి, "మీరే రాసిచ్చేశారు కదా" అని మడిచి ఇచ్చేశాడు.

ఆ డిసెంబరులో ఒక సంగతి జరిగింది. చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. నాన్న పోయిన దగ్గర్నుంచి మా ఇంటి క్రిస్మస్ నక్షత్రం కట్టేది బాబాయే. వెదురు కర్ర తెచ్చి, వైరు లాగి, వెలిగించి చూసి, అమ్మ పెట్టే అరిసెలు తిని వెళ్ళేవాడు. ఆ ఏడు కూడా వచ్చాడు. మేడ మెట్ల మీద అడుగుల చప్పుడు విని నేను తలుపు గడియ పెట్టాను. ఆయన తలుపు కొట్టలేదు. వరండాలోనే కర్ర నిలబెట్టి కట్టుకుంటున్నాడు. లోపల నుంచి అంతా వినపడుతోంది. వైరు చివర కిటికీలోంచి లోపలికి తోశాడు, ప్లగ్గుతో సహా.

"ఏం చెయ్యను?" అని అమ్మని సైగతో అడిగాను.

"కట్టనీ" అంది అమ్మ.

ఆయన కాసేపు నిలబడి ఉన్నట్టున్నాడు. తరవాత మెట్లు దిగిపోయాడు. నేను ఆ ప్లగ్గు పెట్టలేదు. అమ్మ కూడా పెట్టలేదు. కొత్త సంవత్సరం దాకా ఆ నక్షత్రం వెలగకుండా అలాగే వేలాడింది. ఆయన ఆ దారిన రోజూ పాల కోసం వెళ్ళేవాడని నాకు తెలుసు.

ఆయన పోయిన మంగళవారం నేను చీటీ మధ్యలో వదిలేసి సైకిలెక్కాను. అమ్మ నాకంటే ముందే అక్కడుంది. పొద్దున లేచి మంచినీళ్ళు తాగి, గుండె పట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. హాల్లో చాప మీద పడుకోబెట్టారు. మెట్ల మీద ఒకావిడ నన్ను ఆపి, "ఎవరు పోయారు? పాంపేర్ కాకా?" అని అడిగింది. పంపు చూసే ముసలాయనా అని. ఆ బిల్డింగులో ఆయనకు ఫ్లాటుందని చాలామందికి తెలియదు. అడిగినవాళ్ళ మోటార్లన్నీ బాగుచేస్తూ, గేటు తీస్తూ, కాపలావాడి పక్కనే కూర్చునేవాడట.

పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది. లేత ఆకుపచ్చ కర్టెన్లు పక్కకు లాగి ఉన్నాయి. అమ్మ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నీ మిషన్ తెచ్చీసుకో. ఇక్కడే ఉండిపో నాతోటి. ఈ ఇంట్లో నాకొక్కదానికి ఊపిరి ఆడదు" అంది పిన్ని.

అమ్మ ఇల్లంతా ఒకసారి చూసింది.

"ఇక్కడ నేను ఉండలేను చెల్లీ. రేపటి నుంచి అన్నం తెస్తాను, తిను" అంది.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం పట్టుకెళ్తోంది. కూర్చుంటుంది, తినిపిస్తుంది, వచ్చేస్తుంది. అక్కడ మంచినీళ్ళు మాత్రం ముట్టదు.

పాడె మొయ్యడానికి నలుగురు కావాలి. పిన్ని అన్న కొడుకు నింపురా నుంచి వచ్చాడు. మా లైన్ నుంచి ఇద్దరు ముందుకొచ్చారు. నాలుగో భుజం బిల్డింగు కాపలావాడిది. లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా దింపారు. నేనూ అమ్మా గేటు దాకా వెళ్ళాం.

రోడ్డుకు అవతల, టీ బడ్డీ ముందు మా లైన్లో మిగతా మగవాళ్ళు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. అందరూ వచ్చారు, గ్రూపులో ఒక్క మాట రాయకుండా. ఎవరూ రోడ్డు దాటలేదు. ఠేలా మావయ్య అందరికీ చివర, మాసిన తువ్వాలు భుజాన వేసుకుని ఉన్నాడు. సాలువా అవతల నుంచి ఆ పొద్దున ఎలా వచ్చాడో తెలియదు.

పాడె వంద గజాలు వెళ్ళగానే ఖరిదా రైలు గేటు పడింది. గూడ్సు బండి. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి మెల్లగా పోతున్నాయి, తెగడం లేదు. సైకిళ్ళు, ఆటోలు, టోటోలనే బ్యాటరీ రిక్షాలు ఆగిపోయాయి. వాటి మధ్య పాడె భుజాల మీదే ఆగింది. టీ బడ్డీ ముందున్నవాళ్ళలో కొందరు ఇక వెళ్ళిపోదామన్నట్టు కదిలారు, మళ్ళీ ఆగారు.

ఠేలా మావయ్య చెప్పులు విప్పాడు. వాటిని పక్కకు పెట్టి తారురోడ్డు అంచున ఒట్టికాళ్ళతో నిలబడ్డాడు. దండం పెట్టలేదు. పాడె వైపు చూస్తున్నాడో, బండి వైపు చూస్తున్నాడో అంత దూరం నుంచి తెలియలేదు. పదకొండు గంటలు దాటిన ఎండకు తారు కాలుతోంది. ఒక పాదం ఎత్తి రెండో పాదం మీద ఆనించాడు, కాసేపటికి దాన్ని దింపి రెండోది ఎత్తాడు. బొగ్గు పెట్టెలు పోతూనే ఉన్నాయి. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టలేదు, రోడ్డు దాటలేదు.